పక్క ఖైమాకు ఫోను, వయా హిందుస్తాన్

“ఇంటర్నేషనల్ హై నా భయ్, మహంగా రహతాచ్.”

హజ్‌కో ఉమ్రాకో వెళ్లొచ్చినవాళ్ల దగ్గర ఫోను బిల్లు ఊసెత్తితే మన మొహల్లాల్లో వచ్చే జవాబు ఇదొక్కటే. దుబాయిలో, రియాద్‌లో, దమ్మాంలో పిల్లలు కమాయిస్తున్న ఇళ్లలోనూ ఇదే మాట. ఫోను సముద్రం దాటింది కాబట్టి ధర కూడా సముద్రమంత ఉంటుందని మనం ఖబూల్ చేసేశాం. టమాటా కిలో మీద ఐదు రూపాయలు పెరిగితే బండివాడితో అర్ధగంట బహస్ చేసే మన అమ్మీలు, వేల రూపాయల రోమింగ్ బిల్లు చూసి “అల్లా మియా ఘర్ గయే థే, జానే దో” అని ఖామోష్ అయిపోతారు.

అల్లా ఇంటికి వెళ్లింది మీరు. బిల్లు వేసింది కంపెనీ. ఈ రెండూ కలపకండి.

నా దావా ఒక్కటే. దూరానికీ ఈ బిల్లుకూ రిష్తా తెగిపోయి చాలా ఏళ్లయింది. బిల్లు ఇప్పుడు తీగలో పుట్టడం లేదు. రెండు కంపెనీలు తలుపులేసుకుని రాసుకున్న కాగితంలో పుడుతోంది. ఆ కాగితం చూపించమని అడిగే హక్ మనకుంది. ఇంతవరకూ ఎవరూ గట్టిగా అడగలేదు.

నేను ఇంజినీర్‌ను కాదు. ఉర్దూ మీడియంలో బడి, తెలుగులో డిగ్రీ, తర్వాత పత్రికల్లో నౌకరీ. కానీ బిల్లు చదవడానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు. కాస్త ఓపిక చేసుకుని సామాను ఎటు నుంచి ఎటు పోతోందో చూస్తే చాలు. రండి, చూద్దాం.

జెద్దాలో విమానం దిగి ఫోను ఆన్ చేస్తారు. అక్కడి టవర్ మీ సిమ్‌లో మొదటి మూడు అంకెలు చదువుతుంది. 404 గానీ 405 గానీ ఉంటే హిందుస్తాన్ సిమ్. సౌదీ సిమ్‌కైతే 420. అంటే వచ్చింది మెహమాన్. మేజ్బాన్ నెట్‌వర్క్ వెంటనే మన దేశంలో ఉన్న మీ కంపెనీ రిజిస్టర్‌ను అడుగుతుంది: ఈ మనిషి మీవాడేనా? సిమ్ అసలుదేనా? ఇతనికి కాల్స్, ఇంటర్నెట్ ఇవ్వొచ్చా? రెండు మూడు సెకన్లలో జవాబు వస్తుంది. మీరు సీటు బెల్టు విప్పేలోపే “వెల్‌కమ్” మెసేజ్ మోగుతుంది.

ఈ సవాల్-జవాబులు ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్‌చేంజీల కోసం తయారైన పాత సిగ్నలింగ్ పద్ధతిలో, దానికోసమే కేటాయించిన లైన్ల మీద నడిచేవి. ఒక్క మాట మోయడానికి ఒక లైను మొత్తం కాల్ అయ్యేవరకూ బంద్. మీరు మాట్లాడినా, ఏడ్చినా, ఊరకే ఊపిరి పీల్చినా ఆ దారి మీదే. అప్పుడు నిమిషానికి ఇంత అని లెక్క కట్టడంలో ఇన్సాఫ్ ఉంది. దేశాల మధ్య దారులు తక్కువ. మన దగ్గర ఆ దర్వాజా దగ్గర ఒక్క విదేశ్ సంచార్ నిగమే కూర్చునేది. 2002 ఏప్రిల్‌లో గానీ వేరే కంపెనీలకు ఆ దారి తెరుచుకోలేదు. అందుకే ఆ రోజుల్లో గల్ఫ్ వెళ్లినవాళ్లు గొంతు క్యాసెట్లో రికార్డు చేసి, వతన్ వెళ్లే ఎవరి సూట్‌కేసులోనో పెట్టి పంపేవాళ్లు. ఇంటిల్లిపాదీ టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవాళ్లు. చిన్నపిల్లలు క్యాసెట్‌కు సలాం చెప్పేవాళ్లు కూడా.

ఆ జమానా పోయింది. ఇప్పుడు మాట అంటే ఇంటర్నెట్ ప్రోటోకాల్ ప్యాకెట్. గొంతును చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద పతా రాసి వదిలేస్తారు. అదే తీగ మీద వీడియో పోతుంది, బ్యాంకు లావాదేవీ పోతుంది, మీ సలామూ పోతుంది. ఎవరికోసమూ దారి మొత్తం ఆగదు.

రోమింగ్‌కూ ఇదే ఏర్పాటు వచ్చింది. 2000 సంవత్సరం ప్రాంతంలో మొబైల్‌లో డేటా మొదలైనప్పుడు, కంపెనీలు తమలో తాము ఒక ఖాస్ ఇంటర్నెట్ కట్టుకున్నాయి. దాని పేరు జీఆర్ఎక్స్. మనం వాడే ఆమ్ ఇంటర్నెట్‌తో దానికి సంబంధం లేదు, బయటివాళ్లు అందులోకి రాలేరు. తర్వాత అదే పెరిగి ఐపీఎక్స్ అయింది. మాట, మెసేజ్, డేటా, “ఈ మనిషి మీవాడేనా” అనే విచారణ, అన్నీ ఆ దారి మీదే నడుస్తాయి. దేనికి ఎంత తొందర కావాలో అంత ప్రాధాన్యం ఇస్తారు.

దీనివల్ల కలిగిన ఫాయిదా ఎంతో చూడండి. ప్రపంచంలో ఏడొందల నెట్‌వర్కులు ఉన్నాయనుకుందాం. ప్రతి ఒక్కటీ ప్రతి ఇంకోదానితో విడిగా లైను వేసుకోవాలంటే 2,44,650 లైన్లు కావాలి. ఐపీఎక్స్‌తో ఆ అవసరం లేదు. ప్రతి ఊరి నుంచి ప్రతి ఊరికీ బస్సు వేయకుండా అందరినీ ఇమ్లీబన్‌కు తెచ్చి అక్కడ బస్సు మార్చినట్టు. ఒక పెద్ద క్యారియర్‌తో ఒక్క లింకు పెట్టుకుంటే వందల నెట్‌వర్కులు అందుతాయి. అలాంటి బస్టాండ్లు నడిపే ప్రపంచ స్థాయి కంపెనీల్లో ఒకటి మన టాటా కమ్యూనికేషన్స్. అంటే ఆ పాత విదేశ్ సంచార్ నిగమే, యజమానీ పేరూ మారి. ఈ వ్యాపారంలో మన దేశం ఎవరి దగ్గరా చెయ్యి చాచే బేచారా కాదు.

మరి ఖర్చు ఇంత తగ్గితే ధర ఎందుకు తగ్గలేదు? దానికి ముందు మినా సంగతి చెప్పాలి.

మినాలో ఒక ఖైమాలో అబ్బా, ఆడవాళ్ల ఖైమాలో అమ్మీ. మధ్యలో నూరడుగులు. ఇద్దరివీ హైదరాబాద్ సిమ్‌లు. అబ్బా ఫోను చేస్తారు, “చాయ్ పీలీ క్యా?” అని. ఆ మాట ఎక్కడికి పోతుందో తెలుసా? అమ్మీ నంబరు హిందుస్తాన్‌ది కాబట్టి సౌదీ నెట్‌వర్క్ ఆ కాల్‌ను హిందుస్తాన్‌కు పంపుతుంది. ఇక్కడ అమ్మీ కంపెనీ తన రిజిస్టర్ తెరిచి చూస్తుంది. అరె, ఈవిడ సౌదీలో ఉంది కదా అని మళ్లీ అరేబియా సముద్రం దాటించి మినాకు పంపుతుంది. పక్క ఖైమాకు పోవాల్సిన ఒక్క చాయ్ మాట సముద్రాన్ని రెండుసార్లు దాటింది. అబ్బాకు రోమింగ్‌లో ఔట్‌గోయింగ్, అమ్మీకి రోమింగ్‌లో ఇన్‌కమింగ్. ఒక మాటకు రెండు బిల్లులు.

డేటా కథా అంతే. మక్కాలో మీరు వాట్సాప్‌లో ఫోటో పంపితే అది అక్కడి టవర్ నుంచి నేరుగా ఇంటర్నెట్‌లోకి పోదు. ఒక సొరంగంలో పెట్టి ఐపీఎక్స్ మీదుగా మన దేశంలో ఉన్న మీ కంపెనీ గేటుకు తెస్తారు. ఇంటర్నెట్ అక్కడ మొదలవుతుంది. పక్కన కూర్చున్న మనిషి తీసుకోవాలన్నా, వాళ్లదీ మన దేశపు సిమ్మే అయితే, మళ్లీ అదే తిరుగు ప్రయాణం. మెహమాన్‌ను అక్కడికక్కడే ఇంటర్నెట్‌లోకి వదిలే పద్ధతి కూడా ఈ టెక్నాలజీలో ఉంది. దాన్ని కంపెనీలు ఎక్కువగా వాడవు. హిసాబ్ తమ చేతిలో ఉండాలి, తమ దేశపు నిఘా నియమాలు పాటించాలి. కారణాలు ఉన్నాయి, కాదనను. కానీ ఈ చుట్టుతిరుగుడు దారిని ఎంచుకున్నది మీరు కాదు, మీ అమ్మీ కాదు. దాని కిరాయి మాత్రం మీదే.

తీగలకు ఖర్చు లేదని కూడా నేను అనను. సముద్రం అడుగున వేసిన కేబుళ్లు తెగుతాయి. 2008 జనవరిలో అలెగ్జాండ్రియా దగ్గర తెగి మన ఐటీ ఆఫీసులు విలవిల్లాడాయి. 2025 సెప్టెంబరులో జెద్దా దగ్గరే ఎర్ర సముద్రంలో రెండు పెద్ద కేబుళ్లు దెబ్బతిన్నాయి. వాటిని అతకడానికి ఓడలు పోవాలి, వారాలు పట్టొచ్చు. ఆ ఖర్చంతా అందరి మీదా పడాల్సిందే. నేను అడిగేది అందులో నా మాట బరువెంత అని.

తూచి చూద్దాం. ఫోనులో గొంతును పాత ఎక్స్‌చేంజీ నాణ్యతతో, ఏ పిసినారితనమూ లేకుండా పంపితే సెకనుకు 64 వేల బిట్లు. ప్యాకెట్ల మీద పతా రాసే బరువు కలిపితే 80 వేలు. రెండువైపులా లెక్కేసినా నిమిషానికి 1.2 ఎంబీ. అంటే ఒక జీబీలో ఎనిమిది వందల నిమిషాలకు పైగా మాట్లాడొచ్చు. మొబైల్‌లో గొంతును ఇంకా బాగా కుదిస్తారు కాబట్టి అసలు బరువు దీనికంటే తక్కువే.

ఇప్పుడు ఒక జీబీ టోకు ధర ఎంత? మన దగ్గర అది పర్దాలో ఉంది. యూరప్‌లో బహిరంగం. ఒక నెట్‌వర్క్ ఇంకో దేశపు నెట్‌వర్క్‌కు రోమింగ్ డేటా అమ్మేటప్పుడు ఇంతకుమించి తీసుకోకూడదని యూరోపియన్ యూనియన్ చట్టంలో రాసుకుంది. 2017లో జీబీకి 7 యూరోల 70 సెంట్లు. 2022లో 2 యూరోలు. ఏటా తగ్గుతూ 2027కు 1 యూరో. అది ఖర్చు కూడా కాదు, మునాఫా కలుపుకుని దాటకూడని హద్దు. మాటను కూడా ఆ తరాజులోనే తూస్తే నిమిషానికి మన డబ్బుల్లో పది పదిహేను పైసలు. మీ చివరి రోమింగ్ బిల్లు తీసి పక్కన పెట్టుకుని చూడండి.

2017 జూన్ 15 నుంచి యూరప్‌లో జర్మనీ మనిషి స్పెయిన్ పోయినా, పోలండ్ మనిషి ఇటలీ పోయినా ఇంట్లో కట్టే ధరే కడతాడు. ఆ రోజు కొత్త తీగలేం వేయలేదు. ఉన్న తీగలే, ఉన్న టవర్లే. మారింది కానూన్. ఆ కానూన్‌ను 2032 దాకా పొడిగించారు. అక్కడి కంపెనీలూ ముందు “దివాలా తీస్తాం” అని మాతమ్ చేశాయి. తీయలేదు.

ఇది పెద్ద యూనియన్ కాబట్టి సాధ్యమైంది, మనకు కుదరదు అంటారా? సింగపూర్, మలేషియా 2011లో రెండే రెండు దేశాలు కూర్చుని తమ మధ్య రోమింగ్ ధరలు తగ్గించుకున్నాయి. అంతదాకా ఎందుకు, గల్ఫ్ సంగతే చూడండి. సౌదీ, ఎమిరేట్స్, కువైట్, ఖతర్, బహ్రెయిన్, ఒమాన్, ఈ ఆరు దేశాలు 2016లో తమలో తాము రోమింగ్‌కు పరిమితి పెట్టుకున్నాయి. కువైట్ షేక్ సాబ్ మక్కా వస్తే అతని ఫోనుకు సర్కార్ పెట్టిన హద్దు ఉంది. కరీంనగర్ నుంచి, కర్నూలు నుంచి జీవితకాలం పైసా పైసా కూడబెట్టి వచ్చిన మన హాజీకి లేదు. అదే హరమ్, అదే టవర్, అవే ప్యాకెట్లు.

మన దేశం లోపల కూడా ఈ కథ మనకు తెలిసిందే. గుల్బర్గాకు బందేనవాజ్ ఉర్సుకు పోయేవాళ్లకు గుర్తుంటుంది. జహీరాబాద్ దాటి కర్ణాటకలో అడుగు పెట్టగానే ఫోనులో రోమింగ్ గుర్తు వెలిగేది. బస్సంతా ఫోన్లు కట్. “మిస్డ్ కాల్ దే, ఉఠా నక్కో.” ఆ రోజుల్లో అడిగితే కంపెనీలు చెప్పింది ఇదే: వేరే సర్కిల్, ఖర్చవుతుంది. ట్రాయ్ 2015లో ఆ ధరల మీద చెయ్యి వేసింది. 2016లో జియో వచ్చి పోటీ పెంచింది. 2017కల్లా పెద్ద కంపెనీలన్నీ దేశంలో రోమింగ్ ఎత్తేశాయి. జహీరాబాద్ నుంచి గుల్బర్గాకు దూరం అప్పుడెంతో ఇప్పుడూ అంతే!

ఇంకో సాక్ష్యం. ఒక కంపెనీ కాల్ ఇంకో కంపెనీ నెట్‌వర్క్‌లో దిగితే కట్టే దిగుబడి రుసుము నిమిషానికి 14 పైసలుండేది. కొత్త టెక్నాలజీతో ఖర్చు తగ్గుతోందని ట్రాయే ఒప్పుకుని 2017 అక్టోబర్ నుంచి 6 పైసలు చేసింది. 2021 జనవరి 1 నుంచి సున్నా. సున్నా! దేశంలో ఒక నెట్‌వర్క్ ఇంకో నెట్‌వర్క్‌కు మాట అప్పగించడానికి లెక్క పెట్టాల్సినంత ధర లేదని సర్కారే తేల్చింది. ఆ లాజిక్ ముంబై తీరం దగ్గరకు రాగానే ఎందుకు మునిగిపోతుంది?

కలపడం అనేది తీగల మసలా కంటే తాకత్ మసలా అని 2016లో మన కళ్లముందే తేలింది. జియో కొత్తగా వచ్చినప్పుడు దాని కాల్స్ వేరే నెట్‌వర్కులకు కలవక లక్షల్లో తెగిపోయాయి. ఇంటర్‌కనెక్ట్ పాయింట్లు చాలినన్ని ఇవ్వలేదని పెద్ద కంపెనీల మీద మొత్తం 3,050 కోట్ల జుర్మానా వేయాలని ట్రాయ్ సిఫారసు చేసింది. అక్కడ తెగింది తీగ కాదు. తలుపు తీసేవాడు తీయలేదంతే.

మా పెద్ద ఖాలా ఉమ్రా బిల్లు గురించి చెప్పకపోతే మా ఇంట్లో నన్ను వదలరు. పోస్ట్‌పెయిడ్ నంబరు. పది రోజుల ప్యాక్ వేయించి పంపాం. తిరుగు విమానం ఒకరోజు ఆలస్యమైంది. ఆ పదకొండో రోజు ఆవిడ ఎవరికీ ఫోను చేయలేదు, ఎయిర్‌పోర్టులో తస్బీహ్ తిప్పుకుంటూ కూర్చుంది. ఫోను మాత్రం తన పని తాను చేసుకుంది. పది రోజుల ఫోటోలను ఒక్కొక్కటిగా బ్యాకప్ చేసింది. ఇంటికొచ్చాక వచ్చిన బిల్లు ఆవిడ రెండు నెలల పెన్షన్.

కంపెనీ పేరు రాయను. ఏ కంపెనీలో అయినా జరిగే పనే. కస్టమర్ కేర్ కుర్రాడు చాలా అదబ్‌తో మాట్లాడాడు. “అది ఫారిన్ నెట్‌వర్క్ చార్జీ సర్, మా చేతిలో ఏం లేదు.” సరే బాబూ, ఆ ఒక్కరోజుకు ఆ ఫారిన్ నెట్‌వర్క్ మీ దగ్గర ఎంత తీసుకుంది, ఆ ఒక్క సంఖ్య చెప్పు, దానిమీద పది శాతం వేసి ఇప్పుడే కడతాను అన్నాను. లైన్లో కాసేపు సంగీతం వినిపించింది. తర్వాత వేరే గొంతు వచ్చింది. అది కాన్ఫిడెన్షియల్ అంది.

అసలు మర్మం అక్కడుంది. మెహమాన్ చేసిన ప్రతి కాల్, వాడిన ప్రతి ఎంబీ మేజ్బాన్ నెట్‌వర్క్ ఒక ఫైల్లో రాస్తుంది. ఆ ఫైలు క్లియరింగ్ హౌస్ మీదుగా మీ కంపెనీకి వస్తుంది. రెండు కంపెనీలూ నీకింత నాకింత అని హిసాబ్-కితాబ్ చూసుకుని తేడా మాత్రమే చెల్లిస్తాయి. ఆ ఫైల్లో టోకు ధర ఉంటుంది. ఎక్కువ ట్రాఫిక్ ఇచ్చే కంపెనీకి విడిగా తగ్గింపులు కూడా ఉంటాయి. మీకు వచ్చే బిల్లులో ఇవేవీ ఉండవు. పండ్ల మండీలో దళారి తువాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేసినట్టు. రైతుకూ తెలియదు, తినేవాడికీ తెలియదు.

కాబట్టి “ఫారిన్‌వాళ్లు తీసుకుంటున్నారు, మేం బేబస్” అనేది సగం సచ్. సగం సచ్‌ను సంఖ్య చూపించకుండా నమ్మమంటే ఎట్లా? ఒక్క హజ్‌కే మన దేశం కోటా 1,75,025 మంది. ఏడాదంతా వెళ్లే ఉమ్రా ముసాఫిర్లు, లక్షల మంది పర్దేసీలు దీనికి అదనం. ఇంత గిరాకీ చేతిలో ఉన్నవాడు టోకు బేరంలో బేబస్ ఎలా అవుతాడు?

ఆ బేబసీ నిజం కాదని చెప్పే సాక్షి ఈమధ్య ఉమ్రా గ్రూపుల్లోనే తిరుగుతోంది. కుర్రాళ్లు ట్రావెల్ ఈసిమ్ వేసుకుంటున్నారు. అలాంటివి అమ్మే చాలా కంపెనీలకు సొంతంగా ఒక్క టవర్ లేదు. ఏదో యూరప్ దేశానిదో హాంకాంగ్‌దో నెట్‌వర్క్ నంబరు అరువు తెచ్చుకుని, అదే రోమింగ్ ఒప్పందాల మీద, అదే ఐపీఎక్స్ మీద సౌదీలో నడిపిస్తాయి. నడుమ ఇంకో చెయ్యి చేరినా చాలాసార్లు మన సొంత నంబరు రోమింగ్ కంటే చవక. మన సిమ్ మన దగ్గర పరాయిది, పరాయి సిమ్ మనకు అప్నా. ఇది టెక్నాలజీ తప్పు అంటారా?

“అరె భాయ్, అక్కడి సిమ్ కొనుక్కుంటే పోలా?” కొనుక్కోవచ్చు. గ్రూపులో యువకులుంటే, వేలిముద్ర ఇచ్చే కౌంటర్ దగ్గర నిలబడే ఓపికుంటే. కానీ బ్యాంకు ఓటీపీ వచ్చేది ఇక్కడి నంబరుకే. పెన్షన్, ఆధార్, గ్యాస్, అన్నీ ఈ నంబరుకే కట్టేసి పెట్టారు. డెబ్బై ఏళ్ల మనిషి ఎహ్రాంలో నిలబడి గోరంత సిమ్ తీసి, దాచి, ఇంకోటి వేసుకోవాలా? అది ఎక్కడో జారిపోతే? ఓటీపీ మెసేజ్ రావడానికి డబ్బు తీసుకోరు, నిజమే. కానీ అది రావాలంటే ఆ సిమ్ రోమింగ్‌లో బతికి ఉండాలి. అది బతికి ఉండగా డేటా మీట ఒక్కటి ఆన్‌లో ఉండిపోతే మా ఖాలా కథ.

“వాట్సాప్ ఉంది కదా” అనేవాళ్లు ఒకసారి షార్జా లేబర్ క్యాంపులో ఉన్నవాళ్లను అడగండి. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్ పోదు. లైసెన్సున్న కొన్ని యాప్‌లకే ఇజాజత్, చాలాకాలం దానికీ నెలనెలా ప్యాకేజీ. సౌదీ 2017లో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం సడలించింది, ఆ రోజు కూడా కొత్త తీగలేం రాలేదు. ఒక దేశంలో అదే ప్యాకెట్ హలాల్, పక్క దేశంలో మమ్నూ. తల్లి ముఖం చూడాలనుకున్న కొడుకు వీపీఎన్ వేసుకుని దొంగలా మాట్లాడాలి, పట్టుబడితే జుర్మానా భయం. ఆ దేశం కానూన్ ఆ దేశం ఇష్టం, అక్కడున్నవాళ్లు దాన్ని పాటించాల్సిందే. మన సర్కార్ ఆ దేశాలతో తిజారత్ ఒప్పందాలకు కూర్చున్నప్పుడు బంగారం, ఖర్జూరాల పక్కన ఈ మాట కూడా పెట్టొచ్చు కదా అనే నా సవాల్.

ఇక మనవాళ్లకే ఒక చేదు మాట. దొంగ ఎక్స్‌చేంజీలు నడిపి పట్టుబడుతున్నవాళ్లలో మన హైదరాబాద్ కుర్రాళ్లూ ఉన్నారు. గల్ఫ్ నుంచి ఇంటర్నెట్ మీద వచ్చే కాల్‌ను ఒక గదిలో పదుల కొద్దీ సిమ్‌లు పెట్టిన డబ్బాలోకి దింపి, లోకల్ కాల్‌గా మార్చి పంపుతారు. దేశం బయటి నుంచి వచ్చే కాల్‌కు దిగుబడి రుసుము 2018లో 30 పైసలు, 2020 నుంచి 35 నుంచి 65 పైసల మధ్య. లోకల్ కాల్‌కు సున్నా. ఆ తేడా వాళ్ల జేబుకు. “సస్తేమే బాత్ కరా రే, ఖిద్మత్ హై” అని వీళ్లను వెనకేసుకొచ్చే పెద్దమనుషులను నేను చూశాను. ఖిద్మత్ కాదు. ఇంకొకరి పేరు మీద తీసిన సిమ్‌లవి. ఆ కాల్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. రేపు అదే డబ్బాలోంచి బెదిరింపు కాల్ పోతే పోలీసులు ముందు తలుపు కొట్టేది ఎవరి మొహల్లాలో? మన పిల్లలను ఆ డబ్బాల దగ్గర కూర్చోబెట్టకండి.

అయితే దొంగ డబ్బా పుట్టడానికి కారణం ఆ కుర్రాళ్ల లాలచ్ ఒక్కటే కాదు. ఒకే రకం ప్యాకెట్‌కు గోడకు ఇటు సున్నా, అటు ధర పెడితే ఆ గోడకు ఎవడో ఒకడు కన్నం వేస్తాడు. గోడ ఎత్తు తగ్గించకుండా దొంగలను పట్టుకుంటూ పోతే పట్టుకుంటూనే ఉండాలి.

మన రహనుమాల సంగతి చెప్పాలంటే నాకు కోపమొస్తుంది. హజ్ సబ్సిడీ మీద ఏళ్ల తరబడి అటువైపువాళ్లు తిట్టారు, ఇటువైపువాళ్లు తక్రీర్లు చేశారు. 2018లో అది పోయింది. విమానం టికెట్ మీద అంత లొల్లి చేసినవాళ్లలో ఒక్కరైనా హాజీ ఫోను బిల్లు గురించి పార్లమెంటులో గట్టిగా నిలదీసిన జ్ఞాపకం నాకు లేదు. అంతర్జాతీయ రోమింగ్ ధరను కంపెనీల ఇష్టానికే వదిలేశారు. ట్రాయ్ ఏదైనా విషయం మీద సంప్రదింపుల పత్రం పెడితే దేశంలో ఎవరైనా రాయొచ్చు, వచ్చిన జవాబులు వెబ్‌సైట్‌లో పెడతారు. కంపెనీలు వకీళ్లను పెట్టుకుని కట్టలు కట్టలు రాస్తాయి. మన జమాతులు, అంజుమన్‌లు, గల్ఫ్ సంఘాలు ఏం రాశాయి? ఇఫ్తార్ పోస్టర్ల మీద ఖర్చు పెట్టినంత తీరిక దీనిమీద పెట్టలేమా?

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. రోమింగ్ బిల్లులో టోకు ధర ఒక గడిలో రాయాలి. ప్యాక్ అయిపోతే డేటా దానంతటదే ఆగాలి, మళ్లీ కావాలంటే మనిషి ఒప్పుకోవాలి. గల్ఫ్ దేశాలతో, ముందుగా సౌదీతో, టోకు ధర మీద సర్కార్-టు-సర్కార్ ఒప్పందం కావాలి. అది తేలేవరకూ హజ్ కమిటీలు, మనవి రెండు రాష్ట్రాలవీ కలిపి, హాజీలందరి తరఫునా కంపెనీలతో ఒకే టెండర్‌లో బేరం చేయాలి. బస, విమానం గుత్తగా మాట్లాడేవాళ్లకు ఫోను ఎందుకు బరువైంది? మినాలో ఒకే గ్రూపులో ఉన్న రెండు మన దేశపు సిమ్‌ల మధ్య కాల్‌కు ఇన్‌కమింగ్ చార్జీ తీసేయాలని ఆ టెండర్‌లో ఒక్క లైను రాయిస్తే చాలు, తప్పిపోయిన ముసలివాళ్లను వెతికేటప్పుడు బిల్లు గుర్తుకు రాదు.

అర్జీ ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి రాసి పెట్టుకున్నాను. దానికి సబూత్ జత చేయాలి. మీ ఇంట్లో గల్ఫ్‌వో, హజ్‌వో, ఉమ్రావో పాత రోమింగ్ బిల్లులుంటే పేరు, నంబరు, ఇంటి పతా నల్లగా కొట్టేసి ఫోటో తీసి పంపండి. ఏ దేశం, ఏ నెల, ఎన్ని నిమిషాలు, ఎన్ని ఎంబీలు, ఎంత వేశారు, ఈ ఐదూ కనిపిస్తే చాలు. ప్రీపెయిడ్‌వాళ్లు ప్యాక్ రీచార్జ్ మెసేజ్ పంపినా సరే.

ఖాలా బిల్లు మొదటి పేజీలో పెట్టాను.